మూత మీది పేరు

నెత్తురు నింపిన ట్యూబును ఆవిడ ఊపదు, వంచుతుంది. తలకిందులుగా వంచి, మళ్ళీ నిలబెట్టి, మళ్ళీ వంచి, అలా ఎనిమిదిసార్లు. నిద్రపోయిన పసిబిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకునేటప్పుడు తల్లి ఎంత జాగ్రత్త పడుతుందో అంత జాగ్రత్త. పక్కన నిలబడి చూసేవాళ్ళకి ఓపిక చచ్చిపోతుంది. అందుకే ఆ చర్మం డాక్టరు క్లినిక్‌లో ఆవిడకి నిదానమ్మ అని పేరు పడింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏ కాగితాల్లోనో ఉంటుంది, మనుషుల నోళ్ళలో మాత్రం లేదు. ఆవిడ కూడా ఆ పేరుకి నొచ్చుకోలేదు. గట్టిగా ఊపితే నెత్తుట్లో కణాలు చితుకుతాయి, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని ముద్దకడతాయి. చేసే పనే నిదానాన్ని కోరుతుంటే నన్నేం చెయ్యమంటారు, అనేది.

ఆ పనేమిటంటే, మొహానికి కళ తగ్గిందని వచ్చినవాళ్ళ చేతి నరంలోంచి కాస్త నెత్తురు తీస్తారు. దాన్ని మెషీన్‌లో పెట్టి గిర్రున తిప్పుతారు. ఎర్రది అడుక్కి దిగుతుంది, పసుపుపచ్చని నీరు పైకి తేలుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. పైకి తేలినదాన్ని వేరే ట్యూబులోకి తీసి ఇంకోసారి తిప్పితే ప్లేట్‌లెట్లన్నీ అడుక్కి చేరతాయి. అడుగున ఉన్న ఆ చిక్కని భాగాన్ని సన్నసూదులతో అదే మనిషి మొహంలోకి ఎక్కిస్తారు. ఎవరిది వాళ్ళకే. డాక్టరమ్మ ఎవరినీ పదహారేళ్ళ పిల్లని చేస్తానని చెప్పదు. నెలకోసారి చొప్పున మూడు నాలుగుసార్లు రావాలి, చర్మం కాస్త నిగారించవచ్చు, నిగారించకపోనూవచ్చు, అంటుంది. వచ్చినవాళ్ళు మాత్రం ఆ చివరి ముక్కని చెవిన పెట్టరు.

నిదానమ్మ అత్తగారికి ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు ఆవిడ మూతి మూడు వంకరలు తిప్పింది. "ఒంట్లో నెత్తురు ఒంట్లోనే ఉంది కదే. దాన్ని బయటికి లాగి, తిప్పి తిప్పి, మళ్ళీ ఆ ఒంట్లోనే పొడవడానికి నీకు జీతం ఇస్తున్నారా?" అంది. ఇస్తున్నారని కోడలు చెప్పాక, అయితే ఆ డాక్టరుకి తెలివి ఉన్నట్టే, పోయింది వచ్చేవాళ్ళకే, అని తేల్చేసింది.

క్లినిక్ చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తులో. అన్నిటికంటే లోపలి గది నిదానమ్మది. దానికి కిటికీ లేదు. ఒక బల్ల, చిన్న ఫ్రిజ్, చేతులు కడుక్కునే తొట్టి, ఎదురు గోడకి గడియారం. బల్ల మీద పెద్ద కుక్కరంత మెషీన్. మూత ఎత్తితే లోపల గుండ్రంగా ఎనిమిది గుంటలు. ఒక గుంటలో నెత్తురు ట్యూబు పెడితే సరిగ్గా ఎదురు గుంటలో అంతే బరువున్న ఇంకో ట్యూబు పెట్టాలి. లేకపోతే మెషీన్ తాగినవాడిలా ఊగిపోయి బల్ల దిగి నడిచొస్తుంది. ఆ ఎదురు ట్యూబులో నిదానమ్మ నీళ్ళు పోసి, ఒక చుక్క నీలం సిరా కలుపుతుంది. ఏది నీళ్ళో, ఏది మనిషిదో గుడ్డివాడికి కూడా తెలియాలని ఆవిడ పట్టుదల. మెషీన్ తిరిగినంతసేపూ పక్కనే నిలబడి, మూత మీద అరచెయ్యి ఆనించి ఉంచుతుంది. చంటిపిల్ల నుదురు చూసినట్టు. వణుకు ఏమాత్రం మారినా చేతికి తెలిసిపోతుంది.

ఇంకో చట్టం కూడా పెట్టుకుంది. ఒకరి నెత్తురు గదిలో ఉండగా ఇంకొకరి నెత్తురు గడప తొక్కకూడదు. ఒకరి పని పూర్తయి, ఆ ట్యూబులు చెత్తడబ్బాలో పడ్డాకే రెండో మనిషి. పదకొండేళ్ళుగా ఆ చట్టం తప్పలేదు.

ఆ చట్టం నీడన ఒక చిన్న చెడ్డ అలవాటు కూడా పెరిగింది. పేరు రాసిన స్టిక్కరును ట్యూబు ఒంటికి కాకుండా మూతకి అంటించేది. గుంటలోకి దిగిన ట్యూబుకి మూత ఒక్కటే పైకి కనిపిస్తుంది కదా, వంగి చూడగానే పేరు కళ్ళబడుతుంది. ఇక్కడికి రాకముందు పంతొమ్మిదేళ్ళు పెద్దాసుపత్రి ల్యాబులో చేసింది. అక్కడ మూతకి అంటిస్తే చీవాట్లు పెట్టేవాళ్ళు. ఇక్కడ ఉండేది ఒక్కరి నెత్తురు, దాని ఎదురుగా నీలం నీళ్ళు. తారుమారవడానికి ఏముంది? అలవాటు ఎప్పుడు మొదలైందో ఆవిడకే గుర్తు లేదు.

పెద్దాసుపత్రిలో రోజుకి వందల ట్యూబులు వచ్చేవి, ఒక్క మొహం కనిపించేది కాదు. ఇక్కడ మొహాలే మొహాలు. రంగులన్నీ కడిగేసుకుని, జుట్టు వెనక్కి కట్టేసుకుని, పొద్దున్నే అద్దంలో తమకి తాము కనిపించేట్టు ఆవిడ ముందు కూర్చుంటారు. అలా కూర్చున్న మనిషి గొప్పలు పోలేడు. ఒకసారి రిటైరయిన లారీ డ్రైవరొకాయన మొటిమల గుంటలకోసం వచ్చాడు. ఇంత మీసం, ఇంత గొంతు. సూది చూడగానే కళ్ళు తేలేశాడు. నిదానమ్మ ఆయన్ని కింద పడుకోబెట్టి, కాళ్ళు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తేరుకున్నాక ఆయన సిగ్గుపడుతుంటే, మీరే నయం, పోయినవారం ఒక పహిల్వాన్ సూది చూడకముందే పడిపోయాడు, అని ఓదార్చింది. ఆ పహిల్వాన్ ఎవరో ఎక్కడా లేడు. చెయ్యి విషయంలో ఎంత ఖచ్చితమో, మనిషిని తేలికపరచడానికి ఒక అబద్ధం ఆడటంలో అంత ధారాళం.

ఇంట్లో ఉండేది ముగ్గురు. పెనిమిటి గోడగడియారాలు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేది ఆయనే, గడియారాలైనా గంటకోసారి నోరు విప్పుతాయి. ఆయన వాటా మాటలు కూడా వాళ్ళమ్మే మాట్లాడేస్తుంది. వంటింట్లో డబ్బాల మీద నిదానమ్మ క్లినిక్ నుంచి తెచ్చిన స్టిక్కర్లు ఉంటాయి, అవీ మూతలకే. అత్తగారు ఏ డబ్బా తీసినా ఏ మూత చేతికందితే అది పెట్టేస్తుంది. మూతకేముందే, గాలి పోకుండా ఉంటే చాలదూ, అంటుంది. ఒకనాడు పంచదార అని రాసిన మూత ఉప్పు మీద కూర్చుంది. ఆ టీ తాగి పెనిమిటి కూడా ఆ రోజు రెండు మాటలు మాట్లాడాడు. నిదానమ్మ అత్తగారినే అంది గాని, తప్పు మూతని నమ్ముకున్న తనదని అనుకోలేదు. ఆ రోజే బుద్ధి రావలసింది.

ఇలా ఉండగా డాక్టరమ్మ ఊరికి రెండో వైపున ఇంకో క్లినిక్ తెరవాలనుకుంది. అక్కడ ఈ నెత్తురు పని చూడటానికి పెద్ద గది, ఇద్దరు కొత్త మనుషులు, వాళ్ళ మీద ఒక పెద్ద. ఆ పెద్ద ఎవరన్నది నెలాఖరుకి తేలుస్తానంది. నిదానమ్మని కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పింది. "పెద్ద చదువులు చదివినవాళ్ళు అడుగుతున్నారక్కా. మీకు ఆ చదువు లేదు. కానీ మీ చేతిలో ఇంతవరకు ఒక్క తప్పు జరగలేదు. నాకు కావలసింది అదే."

ఎవరినీ ఏమీ అడిగి ఎరగని మనిషి నిదానమ్మ. ఈ ఒక్కటి మాత్రం కావాలనిపించింది. ముప్పై ఏళ్ళుగా ఒకళ్ళు చెప్పింది చేసిన చేతులు, ఒక్కసారి నలుగురికి చూపించే చేతులు కావాలని. ఇంటికొచ్చి, ఇంకా తేలలేదు, ఎవరితో అనకండి అత్తయ్యా, అని మరీ మరీ చెప్పింది. అత్తగారు మర్నాడు పొద్దున పాలు తేవడానికి దిగి, పాలతో పైకొచ్చేసరికి వాళ్ళుండే భవనం నాలుగంతస్తులకీ తెలిసిపోయింది. మూడో అంతస్తావిడ కోడలు ఏదో ఆఫీసులో మేనేజరు. ఆ మేనేజరు మాట ఏళ్ళుగా వింటూ వచ్చిన చెవులు మరి, ఊరుకుంటాయా?

నెలాఖరుకి వారం ఉందనగా వచ్చారు తోడికోడళ్ళిద్దరూ.

మామగారి ఎనభయ్యో పుట్టినరోజుకి కుటుంబమంతా కలిసి ఫొటో దిగుతోందట. ఆ ఫొటో హాల్లో గోడకి ఎక్కుతుంది, పిల్లల పిల్లలు కూడా చూస్తారు. అందులో తాను రెండోదాని కంటే పెద్దగా కనిపించకూడదని ఇద్దరికీ ఉంది. ఫొటోకి ఇంకా మూడు నెలలుంది. పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా డాక్టరమ్మని కలిసింది. చిన్నకోడలికి ఎలా తెలిసిందో తెలిసింది, అదే రోజు, అదే వేళకి ఆవిడా వచ్చింది. మెట్ల మీద ఒకరినొకరు చూసుకుని, అరె నువ్వా, అరె మీరా, అని నవ్వుకున్న నవ్వులో చక్కెర లేదు.

ఫారాలు నింపారు. పెద్దావిడ వయసు దగ్గర వేసిన అంకె చిన్నావిడ వేసినదానికంటే రెండేళ్ళు తక్కువ. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి నిదానమ్మ నవ్వు రాకుండా పెదవులు బిగించుకుంది. పొద్దుట్నుంచి ఏం తిన్నారని అలవాటు ప్రకారం అడిగింది. పెద్దావిడ గొంతు సవరించుకుని, నేను పద్ధతిగా తింటాను, పొద్దుట్నుంచి పంచదార లేని టీ తప్ప ఏమీ లేదు, అంది. చిన్నావిడ నవ్వేసి, నాకు పద్ధతులు లేవండీ, వెన్న పూసిన బ్రెడ్డు, రెండు గుడ్లు తినే వచ్చాను, అంది.

ఇద్దరి మొహాలకీ తిమ్మిరి క్రీము పట్టించారు. అది నలభై నిమిషాలు ఉండాలి. తెల్లటి క్రీముతో పిండిబొమ్మల్లా కూర్చున్న ఆ ఇద్దరికీ, ముందు ఎవరి నెత్తురు తిప్పాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఇంటికి పెద్దకోడల్ని, నాదే ముందు, అంది పెద్దావిడ. చిన్నావిడ అప్పటికే ఫారం మీద కన్నేసింది కాబోలు, "అక్కడ మీరు నాకంటే రెండేళ్ళు చిన్న కదక్కా. ఆ లెక్కన పెద్దదాన్ని నేనే" అంది. పెదాలు తిమ్మిరెక్కి మాటలు వంకర్లు పోతున్నాయి గాని పోట్లాట ఆగలేదు. వరండాలో కూర్చున్న మిగతా ఇద్దరూ పత్రికలు పక్కన పడేసి వినడం మొదలుపెట్టారు.

డాక్టరమ్మ తలుపులోంచి తొంగిచూసింది. "ఇద్దరిదీ ఒకేసారి పెట్టెయ్యండక్కా. ఒకదానికొకటి బరువు సరిపోతుంది, నీళ్ళ ట్యూబుతో పనేముంది?" అని వెళ్ళిపోయింది.

ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు. లోకమంతా అలాగే తిప్పుతుంది. ఇంకో రోజయితే నిదానమ్మ, వద్దు మేడమ్, నా పద్ధతి నాది, అనేసేది. కానీ అది నెలాఖరు వారం. ఎదురు చెప్పిందనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. పదకొండేళ్ళ చట్టాన్ని పక్కన పెట్టి, ఇద్దరి నెత్తురూ వెంటవెంటనే తీసింది. మూతల అలవాటు మాత్రం పక్కన పెట్టడం తోచలేదు. చేతులు వాటి దారిన అవి రెండు స్టిక్కర్లనీ రెండు మూతలకీ అంటించేశాయి.

మెషీన్ తిరిగింది, ఆగింది. రెండు ట్యూబుల్నీ స్టాండులో నిలబెట్టింది. పైన పసుపు, కింద ఎరుపు, మధ్యలో దారమంత తెల్లటి గీత. ఆ గీతకి పైన ఎంతవరకు తియ్యాలో చూసుకోవడంలోనే ఆవిడ పనితనమంతా ఉంది. బయటనుంచి పెద్దావిడ, నాది ముందు తీశారా, అని రెండోసారి అరిచింది. ఇద్దరిదీ అయిపోతోందండీ, అంటూ నిదానమ్మ మూతలు రెండూ తీసి పళ్ళెంలో పెట్టింది. గీత స్పష్టంగా కనపడాలని, రోజూ చేసేట్టే, స్టాండును దీపం వైపుకి తిప్పింది. ఒకసారి ఇటు, ఇంకొంచెం అటు. సిరంజి తీసుకుని వంగింది.

వంగి, అలాగే ఆగిపోయింది.

ఎదురుగా రెండు ట్యూబులు. ఒకటే పొడుగు, ఒకటే గాజు. వాటి మీద ఏమీ రాసి లేదు. పళ్ళెంలో రెండు మూతలు, వాటి మీద రెండు పేర్లు, తన గుండ్రటి రాతలో, ముచ్చటగా. ఏ పేరు ఏ ట్యూబుదో చెప్పగలిగినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. స్టాండు తిప్పకముందు ఎడమ పక్కది ఎవరిది? అసలు తిప్పింది సగమా, పూర్తిగానా? గడియారం చప్పుడు చెవుల్లోకి వచ్చింది.

మళ్ళీ చూసింది. రెండూ ఒకేలా లేవు. ఒకదాంట్లో ప్లాస్మా పలచటి తేనెలా తేటగా ఉంది. ఇంకోదాంట్లో పాలచుక్క పడ్డట్టు మసగ్గా ఉంది. కొవ్వు తిండి తిని వచ్చినవాళ్ళ నెత్తురు అలాగే ఉంటుందని ముప్పై ఏళ్ళుగా ఆవిడకి తెలుసు. వెన్న, రెండు గుడ్లు. మసకది చిన్నావిడది, తేటది పద్ధతిగా తినే పెద్దావిడది. ప్రాణం లేచొచ్చింది. చిన్నావిడ పేరున్న మూత తీసుకుని మసక ట్యూబు దాకా తెచ్చింది కూడా. ఇంకో వేలెడు దూరం. మూత కూర్చుంటే అయిపోయేది. డాక్టరమ్మకి తెలియదు, తోడికోడళ్ళకి తెలియదు, నాలుగంతస్తుల్లో ఎవరికీ తెలియదు.

అప్పుడు బల్ల మూల ఉన్న ఫారం కనపడింది. పెద్దావిడ వయసు అంకె.

వయసు దగ్గర అన్నేళ్ళు మింగేసిన మనిషి తిండి దగ్గర నిజం చెప్తుందా? అదీ తోడికోడలు పక్కనే కూర్చుని చెవులు రిక్కించి వింటుంటే? చెప్పి ఉండొచ్చు. చెప్పకపోయీ ఉండొచ్చు. తను ఇప్పుడు చెయ్యబోతున్నది తెలిసి చేసేది కాదు, అనుకుని చేసేది. ఒకరి నెత్తుటి నీరు ఇంకొకరి మొహంలోకి వెళ్తే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఒంటికి పడక వాపో జ్వరమో రావచ్చు. ఒకళ్ళకి తమకే తెలియని జబ్బేదన్నా ఉంటే రెండోవాళ్ళింటికి కూడా వెళ్ళొచ్చు. ఫొటో కోసం వచ్చినవాళ్ళు.

మూతని మళ్ళీ పళ్ళెంలో పెట్టి, వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ విని, రెండు ట్యూబులకేసీ వంగి చూసింది. తర్వాత, అడుగున మిగిలిన ఎర్రదానితో గ్రూపు చూపిస్తే తేలిపోతుంది కదా, అంది. నిదానమ్మ రెండు ఫారాలూ చూపించింది. ఇద్దరిదీ ఓ పాజిటివే. అన్నిట్లోనూ పోటీపడే ఆ ఇద్దరికీ కలిసింది ఆ ఒక్కటే. డాక్టరమ్మ గడియారం చూసింది, వరండా వైపు చూసింది. మొహంలో కోపం ఉంది గాని గొంతు పెంచలేదు. పారబోసి మళ్ళీ తీయండి, మెషీన్ సరిగ్గా తిరగలేదని చెప్పండి, సరిపోతుంది, అంది.

ఎవరూ నొచ్చుకోని మాట. అలాంటివి చెప్పడం నిదానమ్మకి రాకపోవడమేమిటి, లేని పహిల్వాన్‌నే పుట్టించింది.

"మెషీన్ బాగానే తిరిగింది మేడమ్" అంది. "నేనే సరిగ్గా లేను. అదే చెప్తాను."

"చెప్తే ఏమవుతుందో తెలుసుగా అక్కా?"

"తెలుసు."

డాక్టరమ్మ చూస్తుండగానే ఆ రెండు ట్యూబుల్నీ చెత్తడబ్బాలో వేసింది. చేతులు కడుక్కుంది. వరండాలోకి వెళ్ళి, తోడికోడళ్ళ ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ట్యూబులకి పేర్లు పెట్టడంలో పొరపాటు చేశాను, ఏది ఎవరిదో తెలియకుండా పోయింది, అందుకే పారేశాను. తప్పు నాదే. ఇంకోసారి కొంచెం నెత్తురు ఇస్తే జాగ్రత్తగా చేస్తాను, ఇష్టం లేకపోతే ఇంకోరోజు రండి, కోపమొస్తే తిట్టండి, అంది.

తెల్లక్రీము మొహాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"అంటే దీని నెత్తురు నా మొహంలోకి ఎక్కించేదానివా?" అంది పెద్దావిడ.

"మీకు లాభమేగా అక్కా, ఎంతో కొంత వయసు తగ్గేది" అంది చిన్నావిడ.

పత్రికలు పక్కన పడేసినవాళ్ళలో ఒకాయనకి దగ్గు ముంచుకొచ్చింది. పెద్దావిడ అందరినీ కలిపి కడిగేసింది. ఇదేం క్లినిక్, ఇదేం పద్ధతి, పుస్తకం తెండి, ఫిర్యాదు రాస్తాను, అంది. తెచ్చిచ్చారు. కళ్ళలోకి క్రీము కారుతున్నా తుడుచుకుంటూ నాలుగు లైన్లు రాసింది. రాశాక కోపం సగానికి దిగింది. క్రీము ఎలాగూ పట్టించారు, వచ్చిన పని చూసుకునే పోతాను, అని చెయ్యి చాచింది. ముందు ఎవరిది అన్న పేచీ ఈసారి రాలేదు. చిన్నావిడే, అక్కదే ముందు తియ్యండి, అని గోడవైపు జరిగి కూర్చుంది.

లోపలి గదిలో పెద్దావిడని ఒక్కదాన్నే కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, నిదానమ్మ నరం తేలడానికి చేతికి పట్టీ కట్టింది. అడగకుండా ఉండలేకపోయింది. అమ్మా, పొద్దుట్నుంచి నిజంగా టీ ఒక్కటేనా, అంది.

పెద్దావిడ తలుపు వైపు ఒకసారి చూసింది. పుస్తకంలో నాలుగు లైన్లు రాసిన మనిషి గొంతు పిల్లి గొంతయింది. "చెప్పుల కొట్టు పక్కన బేకరీ ఉంది చూడు. క్రీము బన్నులు రెండు తిన్నాను. రెండు కాదులే, మూడు. ఈ సూదుల సంగతి తలుచుకుంటే కాళ్ళు వణికాయి, ఏం చెయ్యను? దానికి మాత్రం చెప్పకు."

నిదానమ్మ సూది పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయింది. మసక ట్యూబు ఈవిడదే అయి ఉండొచ్చు. ఇద్దరివీ కాస్తో కూస్తో మసకే అయి, తన కంటికి తేడా కనిపించి ఉండొచ్చు. అప్పుడు ఆ మూత పెట్టేసి ఉంటే? పెద్దావిడే కంగారుపడి, ఏమైందమ్మా, నెత్తురు తీసేదానివి నువ్వే పడిపోతావా ఏమిటి, అని భుజం మీద చెయ్యి వేసింది. నిదానమ్మకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండూ ఒకేసారి తుడుచుకుని, చేతులు మళ్ళీ కడుక్కుని, ట్యూబు తీసుకుంది. నెత్తురు పట్టకముందే గాజు మీద, ఒంటి మీద, పేరు అంటించి, పెద్దావిడ చేతనే చదివించింది. ఎదురు గుంటలో నీలం నీళ్ళు. ఎనిమిదిసార్లు వంపు. ఆవిడది పూర్తయ్యాకే చిన్నావిడ. ఆ రోజు అందరికీ చాలా ఆలస్యమైంది. ఒక్కరు కూడా నిదానం అన్న మాట ఎత్తలేదు.

ఇంటికెళ్ళి అత్తగారికి చెప్పింది. ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుంది. అందరికీ చెప్పుకున్నాను కదే, ఇప్పుడు మూడో అంతస్తావిడకి ఏ మొహం చూపించను, అంది. ఉన్న మొహమే చూపించండి అత్తయ్యా, నా దగ్గర వేరేది లేదు, అని కోడలు లోపలికెళ్ళి పడుకుంది. పెనిమిటి వచ్చి మంచం చివర కాసేపు కూర్చుని, పాదాల మీద దుప్పటి సరిచేసి వెళ్ళాడు. ఆయన మాట్లాడటమంటే అంతే.

మర్నాడు పొద్దున నిదానమ్మ మెట్లు దిగుతుంటే అత్తగారి గొంతు పైనుంచి వినపడింది. మూడో అంతస్తావిడతో అంటోంది. "రెండు ట్యూబుల నెత్తురు పారబోసింది మా కోడలు. డాక్టరు వద్దన్నా వినలేదు. ఒకరి నెత్తురు ఒకరికి ఎక్కితే ప్రాణానికే ముప్పని, చేతిలోంచి లాక్కుని మరీ పారబోసింది. ఉద్యోగం పోతే పోయిందిలే అంది. మీ మేనేజరు అలా అనగలదా?" లాక్కోవడం ఎక్కడిదో, ప్రాణానికి ముప్పు ఎక్కడిదో. సాయంత్రానికి నాలుగో అంతస్తు చేరేసరికి ట్యూబులు రెండు కాస్తా పది అయ్యాయి. తన తప్పు అందులో ఎక్కడా లేకపోయేసరికి నిదానమ్మకి ఒళ్ళు మండింది. వెళ్ళి సరిదిద్దుదామనుకుని, నాలుగంతస్తులూ ఎక్కే ఓపిక లేక ఊరుకుంది. ఆ ఆదివారం వంటింట్లో కూర్చుని డబ్బాలన్నీ ముందేసుకుని, మూతల మీది స్టిక్కర్లు గీకేసి, డబ్బాల ఒంటికి కొత్తవి అంటించింది. ఇంక మూతలతో మీ ఇష్టం వచ్చినట్టు ఆడుకోండి అత్తయ్యా, అంది.

నెలాఖరు వచ్చింది. సాయంత్రం డాక్టరమ్మ లోపలి గదిలోకి వచ్చి, ఆ ఫిర్యాదుల పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టింది. పెద్దావిడ రాసిన నాలుగు లైన్లు. మూడింట్లో నిప్పులే. నాలుగోది నిదానమ్మ అప్పటివరకు చూడలేదు. పై నెల నా నెత్తురు ఈ మనిషే తియ్యాలి, వేరేవాళ్ళయితే నేను రాను, అని ఉంది.

"మీ చేతిలో ఒక్క తప్పు జరగలేదని ఇంక చెప్పుకోలేనక్కా" అంది డాక్టరమ్మ.

"చెప్పుకోలేరు మేడమ్."

"మరి ఆ కొత్తవాళ్ళకి మీ గురించి ఏం చెప్పమంటారు?"

నిదానమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తొందరపడలేదు. "ఒకటి జరిగిందని చెప్పండి. ఎలా జరిగిందో నేను చెప్తాను" అంది.

డాక్టరమ్మ పుస్తకం మూసి, సోమవారం వాళ్ళిద్దరూ వస్తారు, మీరు నేరుగా అక్కడికే వచ్చెయ్యండి, అని వెళ్ళిపోతూ తలుపు దగ్గర ఆగింది. ఆ రోజు ఒకేసారి పెట్టెయ్యమన్నది తనేనని, ఆ ముక్క కూడా వాళ్ళకి చెప్పమంది.

కొత్త క్లినిక్ గదికి కిటికీ ఉంది. నిదానమ్మకి అది అన్నిటికంటే నచ్చింది. పెద్ద చదువులవాళ్ళిద్దరూ ఇస్త్రీ మడత నలగని తెల్లకోట్లు వేసుకుని నిలబడ్డారు. ఆవిడ వాళ్ళకి మెషీన్ చూపించలేదు, సూదులు చూపించలేదు. రెండు ట్యూబుల్లో పసుపు నీళ్ళు పోసి, మూతలకి రెండు పేర్లు అంటించి తెచ్చింది. వాళ్ళ కళ్ళ ముందే మూతలు తీసి పళ్ళెంలో పెట్టి, స్టాండును దీపం వైపుకి ఒకసారి తిప్పింది, ఇంకొంచెం తిప్పింది.

"ఇప్పుడు ఏది ఎవరిదో చెప్పండి."

ఇద్దరిలో ఒకతను ఎడమ ట్యూబు వైపు వేలు చూపించబోయి, దించేశాడు. రెండో ఆవిడ వంగి చూసింది, స్టాండు చుట్టూ తిరిగి చూసింది. చివరికి, తెలియట్లేదండీ, అంది చిన్నగొంతుతో, తప్పు చేసినదానిలా. నిదానమ్మ కుర్చీ లాగి ఆ అమ్మాయిని కూర్చోమంది. ఆ మాట అనడం వచ్చినవాళ్ళకి మిగతా పనంతా నేర్పడం తేలికని చెప్పింది.

సాయంత్రం అత్తగారు తలుపు దగ్గరే కాచుకుని ఉంది. అంతంత చదివినవాళ్ళకి నువ్వేం నేర్పావే, అని అడిగింది.

"మూతలు తియ్యడం నేర్పాను అత్తయ్యా."

అత్తగారు కోడలి మొహం కేసి కాసేపు చూసింది, వేళాకోళమేమోనని. కాదని తేలాక లోపలికెళ్ళి టీ పెట్టి తెచ్చింది. అందులో పంచదారే ఉంది. కోడలు తాగుతుండగా చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. ఎక్కడికని అడిగితే, ఇప్పుడే వస్తానే, మూడో అంతస్తు దాకా, అంది.